రాయి మన ఊరిదే, చదివేటోళ్లే కావాలె

మీ ఊర్ల పాత శివాలయం ముంగటనో, చెరువు కట్ట మీదనో, చెల్క గెట్టు పొంటనో అక్షరాలు చెక్కిన రాయి ఒకటి ఉండే ఉంటది. పండుగ నాడు దానికి ఇంత పసుపు పూస్తరు, మామూలు రోజుల్ల పోరగాళ్లు దాని మీద కూసోని ఫోన్లు చూస్తరు. దాని మీద ఏం రాసున్నదని ముసలోళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒక్కటే: లంకెబిందెలు యాడ పాతిపెట్టిన్రో రాసున్నదట. ఆ మాట నమ్మి రాత్రిళ్లు గడ్డపారలతోని తవ్వి పలగ్గొట్టిన రాళ్లు తెలంగాణల మస్తు ఉన్నయి. నిజానికి ఆ రాళ్ల మీద బంగారం సంగతి ఉండది. చెరువు ఎవరు తవ్విచ్చిన్రు, దాని కింద ఎన్ని మర్తుర్ల భూమి ఎవరికి ఇచ్చిన్రు, ఏ పన్ను మాఫీ జేసిన్రు, సాక్షులు ఎవరు, ఇట్లాంటి లెక్కలు ఉంటయి. ఒక తీరుగ చెప్పాలంటే అది మీ ఊరి పాత రిజిస్ట్రేషన్ కాగితం.

దాన్ని చదువుడు కూడా ఒక చదువే. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ దాంక పోయే చదువు. ఇంజినీరింగు, నర్సింగు, గ్రూప్స్ కోచింగు గురించి చెప్పెటోళ్లు ఊరికి పది మంది దొరుకుతరు గాని, దీని గురించి చెప్పెటోళ్లు దొరకరు. అందుకే ఇది రాస్తున్న. మంచీ చెడూ రెండూ చెప్తా.

ముందుగాల పేరు సంగతి. యూరప్, అమెరికాలల్ల ‘క్లాసిక్స్’ అంటే గ్రీకు, లాటిన్ భాషలు, వాటి చరిత్ర. మనకాడికి వచ్చేసరికి సంస్కృతం, ప్రాకృతం, పాళీ, పాత తెలుగు, పాత కన్నడ, పాత తమిళం. దక్కన్ చరిత్ర కావాలంటే ఫారసీ గూడ కలుపుకోవాలె. కేంద్ర ప్రభుత్వం ప్రాచీన భాష హోదా తమిళానికి 2004ల, సంస్కృతానికి 2005ల, తెలుగుకు, కన్నడకు 2008ల ఇచ్చింది. 2024 అక్టోబర్‌ల పాళీకి, ప్రాకృతానికి గూడ ఇచ్చింది. హోదా వచ్చిన రోజు సంబురాలు జేసుకున్నం, మంచిదే. కని హోదా వచ్చినంత మాత్రాన రాయి దానంతట అదే మాట్లాడదు గదా.

సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరి సంగతి చూడుండ్రి. గుట్ట మీద బౌద్ధ విహారం, స్తూపం, చెక్కుడు రాళ్లు. తవ్వింది మన రాష్ట్ర పురావస్తు శాఖ మనుషులు, మట్టి మోసింది చుట్టుపక్కల ఊర్ల కూలీలు. అండ్ల ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని కాలం నాటి శాసనం ఒకటి బయటపడ్డది. దాన్ని చదివి, పద్యాలు విడదీసి, అర్థం రాసి 2011ల అచ్చేసింది ఎవరంటే జర్మనీ పండితుడు ఆస్కార్ ఫాన్ హిన్యూబర్, కెనడా పండితుడు పీటర్ స్కిల్లింగ్. 2016ల ఇంకో నలుగురు యూరప్ పండితుల బృందం ఆంధ్ర, తెలంగాణ అంతా తిరిగి, పాత శాసనాలను ఒక్కొక్కటే మళ్ల చూసి, ఫోటోలు తీసి, చదివింది చదివినట్టు ఆన్‌లైన్‌ల పెట్టింది. ఎవరైనా పైసా కట్టకుండ చూడొచ్చు.

వాళ్ల మీద నాకు కోపం లేదు, దండం పెట్టాలె. ఎవరి రాయినైనా ఎవరైనా చదవొచ్చు. నా బాధల్లా ఒక్కటే: ఫణిగిరి పక్క ఊర్ల పుట్టిన పిల్లకు ఆ గుట్ట రోజూ కనబడ్తది గాని, గుట్ట మీద ఉన్న భాష నేర్చుకునే తొవ్వ ఉన్నదన్న సంగతే తెల్వదు. జర్మనీ పిలగానికి మాత్రం తెల్సు.

“తెలుగు వస్తది గదా, ఇంకేం గావాలె” అని అనుకోవచ్చు. సరే, కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మగుట్టకు పోదాం. 10వ శతాబ్దంల జినవల్లభుడు చెక్కిచ్చిన శాసనం అక్కడున్నది. కన్నడ ఆదికవి పంపనికి ఈయన తమ్ముడు. ఆ శాసనంల మూడు కంద పద్యాలు తెలుగువి, ఇప్పటికి దొరికిన తెలుగు కందాలల్ల అన్నిటికంటె పాతవాటిల్ల అవి ఉన్నయి. మన భాష పాతదని చూపెట్టేటందుకు మస్తు పనికొచ్చిన రాయి అది. కని దాని మీద తెలుగు ఒక్కటే లేదు. సంస్కృతం ఉన్నది, కన్నడం ఉన్నది. ఒక్క బండను పూరాగ చదవాలంటే మూడు భాషలు కావాలె. మూడిట్ల ఒక్కటే వచ్చినోడు మూడింట ఒక వంతు సంగతే చెప్పగలుగుతడు. మిగతాది ఇంకొకరు చెప్పింది నమ్మాలె.

ఇంకా వెనుకకు పోతే తెలుగు అక్షరం ముక్క కనబడదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. భట్టిప్రోలు, అమరావతి గూడ అంతే. శాతవాహన రాజు హాలుడు సేకరించిండని చెప్పే గాథాసప్తశతి ప్రాకృతంల ఉన్నది. నన్నడిగితే ఊరి పిల్లలు అన్నిటికంటె ముందు చదవాల్సిన పుస్తకం అదే. అండ్ల దేవతలు తక్కువ, నాగలి దున్నేటోళ్లు, పత్తి చేన్లు, అత్తలు, కోడండ్లు, వానకు తడిసే గుడిసెలు ఎక్కువ. అత్త, పొట్ట అసొంటి మన మాటలు అండ్ల ఉన్నయని తెలుగు పండితులు ఎప్పుడో ఎత్తి చూపిన్రు. రెండు వేల ఏండ్ల కింది పత్తి రైతు ముచ్చట ఉన్నది గాని, వరంగల్ పత్తి రైతు బిడ్డ దాన్ని అనువాదంల తప్ప చదవలేదు.

గ్రీకు సంగతి గూడ మనకు పూరా సంబంధం లేనిదేం కాదు. మొదటి శతాబ్దంల ఒక గ్రీకు నావికుడు ఎర్ర సముద్రం నుంచి మన తీరం దాంక ఏ రేవుల ఏ సరుకు దొరుకుతదో రాసిపెట్టిండు. ‘పెరిప్లస్’ అంటరు. అండ్ల మసాలియా అని మచిలీపట్నం దిక్కు ప్రాంతం పేరు వస్తది, అక్కడ సన్న నూలు బట్ట మస్తు తయారైతదని ఉంటది. మన నేతగాళ్ల గురించి బయటోడు రాసిన మొదటి మాటల్ల అదొకటి, గ్రీకుల ఉన్నది.

ఫారసీని మర్చిపోతే తెలంగాణ చరిత్ర సగం పోతది. మనం రోజూ అనే రైతు, కాస్తు, ఫసలీ, జమాబందీ, తహసీల్ – ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చిన మాటలే. హైదరాబాద్ తార్నాకల ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌ల షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి కాగితాలు లక్షకు పైనే ఉన్నయి. షికస్తా అని గొలుసుకట్టు రాత, ఫారసీ వచ్చినోళ్లకు గూడ సులువుగ అందదు. అవి చదివేటోళ్లు ఏటేటా తక్కువైతున్నరు.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పాలె. ఈ భాషలు మన ఇండ్లల్లకు రాకపోవుడు ఊరికే జరగలేదు, రానియ్యలేదు. బడిల అంబేద్కర్ సంస్కృతం చదువుతా అంటే అంటరానోడని చెప్పనియ్యలేదు, గత్యంతరం లేక ఫారసీ తీసుకున్నడు. తర్వాత తనంతట తానే సంస్కృతం నేర్చుకున్నడు, ఆఖరి ఏండ్లల్ల పాళీ నిఘంటువు తయారుజేసుకుంట కూసున్నడు. నాగపూర్‌ల దళిత ఇంట్ల పుట్టిన కుముద్ పావడే సంస్కృతం ఎమ్మే జేసి, అదే సంస్కృతం చెప్పే ప్రొఫెసర్ అయింది. ఆ తొవ్వల తిన్న మాటలన్నీ మరాఠీల రాసిపెట్టింది. “గీ చదువు మనది కాదు” అని మన పిల్లలే అంటుంటే నాకు వీళ్లిద్దరే యాదికొస్తరు. మన తాతలు కట్టిన చెరువుల గురించి రాసున్న భాష మనది కాకుండ ఎట్ల పోతది?

సరే, ఎట్ల చదవాలె? ఎక్కువమంది పీహెచ్‌డీల చేరినంక భాష నేర్చుకుందాం అనుకుంటరు. అట్ల కుదరదు. సంస్కృతం గాని ప్రాకృతం గాని సున్నా నుంచి మొదలువెట్టి నిఘంటువు పక్కన పెట్టుకోని సొంతంగ చదివేదాంక రావాలంటే రెండు మూడేండ్లు రోజూ కూసోవాలె. అది డిగ్రీల ఉన్నప్పుడే మొదలుకావాలె. బీఏల రెండో భాషగ సంస్కృతం తీసుకోని, మార్కుల కోసం గైడు బట్టీ కొట్టి వదిలేసినోళ్లు లక్షల మంది ఉన్నరు. ఆ రెండేండ్లు నిజంగ చదివితే సగం పని అయిపోతది. స్వయం అనే సర్కారీ వెబ్‌సైట్‌ల సంస్కృతం పాఠాలు పైసా లేకుండ దొరుకుతయి.

పీజీకి ఉస్మానియాల సంస్కృతం, తెలుగు, ఫారసీ, భాషాశాస్త్రం, ప్రాచీన భారత చరిత్ర ఉన్నయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంల తెలుగు, సంస్కృతం ఉన్నయి. తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నది. తిరుపతిల జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, పుణెల దక్కన్ కాలేజీ ఉన్నయి. దక్కన్ కాలేజీల 1948 సంది ఒక సంస్కృత మహా నిఘంటువు తయారైతనే ఉన్నది, ఇంకా అయిపోలేదు. ఈ చదువుల ఓపిక అంటే ఏందో దాన్ని చూస్తే తెలుస్తది.

పీజీల 55 శాతం మార్కులు గావాలె. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉన్నది. ఆ తర్వాత యూజీసీ నెట్. సంస్కృతం, పాళీ, ప్రాకృతం, ఫారసీ, తెలుగు, భాషాశాస్త్రం, పురావస్తు శాస్త్రం – వీటన్నిటికి నెట్ సబ్జెక్టులు ఉన్నయి. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి గూడ నెట్ మార్కులే లెక్క: జేఆర్‌ఎఫ్ రానోళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. (ఆ ఏడు జూన్ 18న పరీక్ష పెట్టి 19న రద్దు జేసిన్రు, అది వేరే కథ.)

పైసల సంగతి సూటిగ చెప్తా. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి కిరాయి భత్యం వేరే. అన్నీ కలిపి ఐదేండ్లు. వయసు 30 దాటొద్దు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, ఆడపిల్లలకు ఇంకో ఐదేండ్లు ఉన్నది. జేఆర్‌ఎఫ్ రాకుండ కేంద్రీయ విశ్వవిద్యాలయంల చేరితే నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాలల్ల చానమందికి ఏమీ రాదు. కాబట్టి నా మాట: ఇంటి మీద అప్పు ఉన్నోళ్లు జేఆర్‌ఎఫ్ లేకుండ పీహెచ్‌డీల దిగొద్దు. ఇంకో రెండు సార్లు పరీక్ష రాయుండ్రి, అందాక ఏదన్న పని జేసుకోండ్రి. ‘రీసెర్చ్ స్కాలర్’ అన్న పేరుతోని హాస్టల్ బిల్లు కట్టరాదు.

పీహెచ్‌డీ తక్కువల తక్కువ మూడేండ్లు, ఎక్కువల ఎక్కువ ఆరేండ్లు అని 2022 నిబంధనలు చెప్తున్నయి. మొదలు కోర్స్‌వర్క్ ఉంటది. ఆ తర్వాతి పని మీరు ఏం ఎంచుకున్నరో దాన్ని బట్టి. శాసనాలైతే ఎండల తిరుగుడే. రాయిని నీళ్లతోని, బ్రష్‌తోని కడిగి, తడి కాగితం దాని మీద పరిచి, కుచ్చు బ్రష్‌తోని కొడుతుంటే కాగితం అక్షరాల గుంతలల్లకు దిగుతది. జర ఆరినంక సిరాల ముంచిన మెత్తతోని పైపైన అద్దుతరు. రాయి నల్లగ, అక్షరం తెల్లగ పడతది. గాలి లేస్తే కాగితం పోయినట్టే. ఇంతజేసినంక అసలు పని మొదలైతది: ఒక్కో అక్షరం కాడ ఆగుడు.

ఆగుడు ఎందుకంటే, ఒక ఉదాహరణ చెప్తా. అమరావతి రాయి ముక్క మీద ‘నాగబు’ అని ఉన్నది. అదే మొట్టమొదటి తెలుగు మాట అని వేటూరి ప్రభాకరశాస్త్రి చెప్పిండు, మన పాఠ్యపుస్తకాలల్ల గూడ అదే పడ్డది. కని అది విరిగిన ముక్క. అవుతలి భాగం లేదు. నాగబుద్ధి అనే మనిషి పేరుల ముందటి సగమే మిగిలిందేమో, అది తెలుగు మాట కాదేమో అని వేరే పండితులు అడిగిన్రు. వాట్సాప్‌ల ఫార్వర్డ్ జేసేటోడు ఒక్క దిక్కే చెప్తడు. రెండు వాదాలను ముందట పెట్టుకోని, రాయి ఏం చెప్తున్నదో, మన మనసు ఏం వినాలనుకుంటున్నదో విడదీసుడే పీహెచ్‌డీ నేర్పే పని. మన భాష మీద ప్రేమ ఉన్నోళ్లకు ఇది జర నొప్పే.

విషయం ఎంచుకునే కాడ ఊరి పిల్లలకు ఒక బలం ఉన్నది, వాళ్లకే తెల్వదు. కాకతీయుల శాసనాలల్ల తూము, పుట్టి, దశబంధం, మర్తురు వస్తనే ఉంటయి. పట్నంల పెరిగిన స్కాలర్ తూముకు నిఘంటువు చూడాలె. మీరు చిన్నప్పుడు తూముల కాళ్లు పెట్టి ఆడుకున్నోళ్లు. నీరటికాడు ఏం జేస్తడో మీకు ఒకరు చెప్పే పని లేదు. “ఫలానా జిల్లా శాసనాలు – ఒక పరిశీలన” అనే పేరు మీద ఇప్పటికే బీరువాలు నిండినయి. దానికంటె ఒక్క చెరువు, దాని కాలువలు, దాని రాయి, అండ్ల ఉన్న కులాల పేర్లు, కొలతలు ఇప్పటి ఊరితోని పోల్చి చూస్తే అది పనికొచ్చే పుస్తకం అయితది. గైడును ఎంచుకునే ముందు ఆయన దగ్గర పీహెచ్‌డీ అయిపోగొట్టినోళ్లను ఇద్దర్ని కలువుండ్రి. అధ్యాయం ఇస్తే ఎన్ని నెలలకు చదివి వాపస్ ఇస్తడో అడుగుండ్రి. అంతకంటె పెద్ద ప్రశ్న లేదు.

బయటి దేశం పోవాలనుకునేటోళ్లకు: అమెరికాల మంచి విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీటు ఇస్తే ఫీజు మాఫీ జేసి, బతికేటందుకు స్టైపెండ్ గూడ ఇస్తయి, బదులుగ పిల్లలకు పాఠాలు చెప్పాలె. ఐదారేండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గ్రీకు, లాటిన్ క్లాసిక్స్‌కైతే ఆ రెండు భాషలు ముందే కొన్నేండ్లు చదివి ఉండాలె, పైన జర్మన్, ఫ్రెంచ్ చదవనీకి రావాలె. ఎందుకంటే 200 ఏండ్ల పరిశోధన ఆ భాషలల్ల ఉన్నది. మన దగ్గర గ్రీకు నేర్పే చోట్లు బహు తక్కువ కాబట్టి ఆ తొవ్వ కష్టం. సంస్కృతం, తెలుగు వచ్చినోళ్లకు అక్కడి దక్షిణాసియా విభాగాల తలుపు జర వెడల్పు. వెల్చేరు నారాయణరావు ఏండ్లకేండ్లు అమెరికాల విస్కాన్సిన్‌ల పాఠం చెప్పిండు, జెరూసలేంల ఉండే డేవిడ్ షుల్మన్‌తోని కలిసి మన పాత కావ్యాలను ఇంగ్లిష్‌లకు తెచ్చిండు. అయితే ఆ తలుపులు గూడ మూసుకుంటున్నయి. 2025ల షికాగో విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాలల్ల చాన విభాగాలకు కొత్త పీహెచ్‌డీ ప్రవేశాలు ఆపింది.

ఇక్కడ మన సర్కారు చేసిన పని ఒకటి యాదుంచుకోవాలె. ఎస్సీ పిల్లలు, భూమి లేని కూలీల పిల్లలు, చేతివృత్తులోళ్ల పిల్లలు విదేశాలల్ల చదువుకునేటందుకు కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తది, ఏడాదికి 125 మందికి. 2022 ఫిబ్రవరిల నిబంధనలు మార్చి, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర మీద పరిశోధన చేసేటోళ్లకు అది ఇయ్యం అన్నరు. అవి ఇక్కడనే చదువుకోవచ్చు గదా అని కారణం. ఇక్కడ చదువుకోవచ్చు, నిజమే. కని పైసలున్న ఇంటి పిలగాడు ఆక్స్‌ఫర్డ్ పోయి మన రాళ్ల మీద పుస్తకం రాస్తడు, కూలీ బిడ్డ మాత్రం అదే పని జేస్తా అంటే స్కాలర్‌షిప్ లేదు. ఇది నాకు న్యాయం అనిపిస్తలేదు.

ఇగ కొలువుల సంగతి. తియ్యటి మాటలు చెప్పను. రాష్ట్ర విశ్వవిద్యాలయాలల్ల పర్మినెంట్ పోస్టులు ఏండ్ల తరబడి నింపలేదు, పీహెచ్‌డీ అయినోళ్లు పార్ట్‌టైం, కాంట్రాక్ట్ కింద నలుగుతున్నరు. మైసూరుల కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం, నాగపూర్‌ల దాని అరబ్బీ, ఫారసీ విభాగం ఉన్నయి గాని పోస్టులు వేళ్ల మీద లెక్కబెట్టేటన్ని. నెల్లూరుల ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉన్నది, అండ్ల ఎక్కువ ప్రాజెక్టు పనులు. 2025 బడ్జెట్‌ల ‘జ్ఞాన భారతం’ అని కోటికి పైగా రాతప్రతులను లెక్కదీసి కాపాడే పథకం చెప్పిన్రు. అది సరిగ నడిస్తే తాళపత్రాలు చదివేటోళ్లకు పని దొరుకుతది. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లల్ల తెలుగు, సంస్కృతం ఉంటయి, అదే చానమందికి అసలు ఆసరా. అందుకే పీజీతోటే లెక్చరర్ పరీక్షకు గూడ తయారవుండ్రి, రెండు పడవల మీద కాలు పెట్టుడు ఇక్కడ తప్పు కాదు.

పీహెచ్‌డీ దాంక పోకున్నా, ఈ ఆదివారం చేసే పని ఒకటున్నది. మీ ఊరి రాయికి ఎనామిల్ పెయింట్, సున్నం పెట్టనియ్యకుండ్రి, పెట్టి ఉంటే మేకుతోని గీకకుండ్రి. మిట్ట మధ్యాహ్నం ఫోటో తీస్తే అక్షరం కనబడది. పొద్దుగాల ఏడు గొట్టంగనో, పొద్దుగూకే ముందటనో ఎండ పక్కకెల్లి పడ్డప్పుడు తీయుండ్రి, గుంతలల్ల నీడ పడి అక్షరం లేస్తది. పక్కన ఒక స్కేలు పెట్టుండ్రి. నాలుగు దిక్కులా తీయుండ్రి, రాయికి వెనుక దిక్కున గూడ రాత ఉంటది చానసార్లు. తీసినంక మీ జిల్లా శాసనాల సంపుటం తెరిచి, మీ ఊరి పేరు ఉన్నదో లేదో చూడుండ్రి. కరీంనగర్ జిల్లాదైతే పరబ్రహ్మశాస్త్రి కూర్చిన సంపుటం 1974లనే అచ్చయింది. పేరు అండ్ల లేకుంటే ఆ రాయిని ఇప్పటిదాంక ఎవరూ చదవలేదేమో.